తాతా మనవరాలు కలిసి ఆడగలిగే ఆటలేవి?

ప్రశ్న: కూకట్‌పల్లి నాన్న

అందరికీ నమస్కారం. వేసవి సెలవులకు మా నాన్నగారు అమలాపురం దగ్గరి మా ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్నారు. ఆయనకు 68 ఏళ్లు, జీవితమంతా వరి, కొబ్బరి సాగు చేశారు. మా అమ్మాయికి 9 ఏళ్లు. ఇంట్లో నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం ఒకటి, ఒక పాత లాప్‌టాప్ ఉన్నాయి. మనవరాలు ఆడుతుంటే ఆయన పక్కనే కూర్చుని చూస్తారు గానీ, కంట్రోలర్ చేతికిస్తే "నాకెందుకులేరా" అని తిరిగి ఇచ్చేస్తారు.

2021లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచిందని, ఇద్దరు కలిస్తే తప్ప ముందుకు సాగదని చదివి 'ఇట్ టేక్స్ టూ' కొన్నాను. పది నిమిషాలు గడవక ముందే నాన్నగారి బొమ్మ గోడకు ముఖం ఆనించి నిలబడిపోయింది, కెమెరా, అంటే తెర మీద మనకు కనిపించే చూపు, ఆకాశం వైపు తిరిగిపోయింది. "నాగలి పట్టినా రెండు చేతులూ ఒకే పని చేస్తాయిరా, ఇదేమిటి" అని నవ్వుతూ లేచి వెళ్లిపోయారు. పత్రికల సమీక్షలు ఆట గొప్పదో కాదో చెబుతాయే తప్ప, ఎన్నడూ ఆడని చేతికి లొంగుతుందో లేదో చెప్పవు. ఇంట్లో పెద్దవాళ్లతో ఆడిన అనుభవం ఉన్నవారు నాలుగు మాటల్లో చెప్పగలరా? డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా మాతో కలవాలని ఉబలాటపడుతున్నాడు.

జవాబు 1: తీరిక లేని రైతు

మీ నాన్నగారిని తడబాటుకు గురిచేసింది వయసు కాదండీ, కుడి బొటనవేలు. ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో చూపు ఏకకాలంలో నడపడం మనకు చిన్నప్పుడే అబ్బింది కనుక అదొక విద్య అని మరిచిపోయాం. కెమెరాను తిప్పవలసిన అవసరమే లేని ఆటలు వెతకండి. 'ఇట్ టేక్స్ టూ' చాలా మంచి ఆటే గానీ, విడాకులకు సిద్ధమైన తల్లిదండ్రుల కథ అది. అందులో బొమ్మ ఏనుగును హింసించే ఘట్టం చూసి మా వాడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మీ ఇంటికి సరిపోయేది 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే వ్యవసాయపు ఆట అని నా అభిప్రాయం. ఎరిక్ బరోన్ అనే వ్యక్తి ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. పొలాన్ని పైనుంచి చూస్తూ ఆడతాం కాబట్టి కెమెరా బాధ లేదు. ఆటలో ఒక రోజు మన లెక్కలో సుమారు 14 నిమిషాలు, ఒక ఋతువు 28 రోజులు. గుమ్మడి 13 రోజుల్లో కాస్తుంది, వాన పడిన రోజు నీళ్లు పెట్టనక్కరలేదు, ఋతువు మారితే ఆ కాలపు పంట ఎండిపోతుంది. మా పెదనాన్నగారు వారం రోజులు శ్రద్ధగా ఆడి, "అమ్మకం పెట్టెలో వేస్తే ఎప్పుడూ ఒకటే ధర, మధ్యలో దళారీ లేడు, ఈ ఊరు ఎక్కడుందో చెప్పండి, వెళ్లిపోతాను" అన్నారు. చేపలు పట్టే పని మాత్రం అమ్మాయికే వదలమనండి, అది వేళ్ల వేగంతో కూడిన పని.

జవాబు 2: ఎడిసన్ కోడలు

మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అత్తగారితో 'ఓవర్‌కుక్డ్' అనే వంట ఆట ఆడాం. కెమెరా తిప్పనక్కరలేదు, మీటలు తక్కువ, కానీ గడియారం తరుముతుంది. నలభై ఏళ్లు వంటిల్లు నడిపిన మనిషిని "గిన్నెలు కడగండి, త్వరగా" అని మనవడు కేకలేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2020లో వచ్చిన 'ఆల్ యూ కెన్ ఈట్' కూర్పులో గడువు పెంచుకునే వెసులుబాటు ఉంది, అది లేకుండా మొదలుపెట్టకండి.

ఆవిడ మనసు దోచింది 2023లో వచ్చిన 'వెన్బా'. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ ఇది. తల్లి తెచ్చుకున్న వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, వంట ఎలా చేయాలో మనమే ఊహించాలి. తొందరపెట్టే గడియారం లేదు, మొత్తం గంటన్నరలో పూర్తవుతుంది. ఇడ్లీ రేకులు పేర్చే చోట మా వాడు ఒక గుంట మీద ఇంకో గుంట వచ్చేలా పెట్టబోతే, అత్తగారు సోఫాలోంచి లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి, "రేకు కొంచెం తిప్పు నాన్నా, పైరేకు గుంట కింది ఇడ్లీ మీద కూర్చుంటే అది ఉబ్బేదెలా?" అన్నారు. సంభాషణలను మా వాడు ఇంగ్లీషులో చదివి ఆవిడకు తెలుగులో చెప్పాలి. ఆటలో తల్లి తమిళంలో అడిగితే కొడుకు ఇంగ్లీషులో బదులిస్తాడు. ఆ వాక్యం చదువుతూ మా వాడు కాసేపు ఆగాడు, మేమూ ఏమీ అనలేదు.

జవాబు 3: తీగల మనిషి

డల్లాస్ సంగతి నేను చెబుతాను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని 'రిమోట్ ప్లే టుగెదర్' ద్వారా ఒక్కరు కొన్నా, ఒకే తెర మీద కలిసి ఆడే ఆటల్లో మరొకరిని దూరం నుంచి చేర్చుకోవచ్చు. అయితే ఆట మీ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది, తమ్ముడికి వెళ్లేది వీడియో మాత్రమే. దారి దాదాపు 14,000 కిలోమీటర్లు. ఇంటర్నెట్‌ను మోసే గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, తీగ సూటిగా ఉన్నా పోయి రావడానికే సెకనులో ఏడో వంతు పడుతుంది. 'ఓవర్‌కుక్డ్'లో ఆ ఆలస్యం కొంప ముంచుతుంది. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అయితే అతనూ లాప్‌టాప్ మీద సొంత కాపీ కొనుక్కుని ఆన్‌లైన్‌లో చేరడం మేలు. అతని బొమ్మ అతని యంత్రంలోనే నడుస్తుంది కనుక అడుగులు తడబడవు. స్విచ్ కాపీ, లాప్‌టాప్ కాపీ ఒకదానితో ఒకటి కలవవు, కొనేముందు అందరూ ఒకే వైపు ఉండండి.

మరో మాట. టీవీలో 'గేమ్ మోడ్' పెట్టారా? అది లేకపోతే టీవీ ప్రతి బొమ్మనూ మెరుగుపరిచే పనిలో పడి ఆలస్యంగా చూపిస్తుంది. మాకు టీవీ అమ్మిన దుకాణం వాళ్లు ఈ సంగతి చెప్పలేదు. మా నాన్నగారు ఏడాది పాటు తన చేతులనే నిందించుకున్నారు.

కూకట్‌పల్లి నాన్న

అందరికీ కృతజ్ఞతలు. గేమ్ మోడ్ పెట్టలేదు, నిన్ననే పెట్టాను. పాత లాప్‌టాప్‌ను టీవీకి కలిపి 'స్టార్‌డ్యూ వ్యాలీ' మొదలుపెట్టాం. నాన్నగారు మొదటి రోజంతా విత్తనం వేయకుండా రాళ్లూ కలుపూ ఏరుతూనే ఉన్నారు. అమ్మాయి విసుక్కుంటే, "దుక్కి కాకుండా విత్తుతారటే?" అన్నారు. ఈ ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే, ఆటలో రేపు వాన ఉందో లేదో చూసి పెట్టమని అడిగారు.