అప్‌డేట్: టీవీలో మాటలు వినపడట్లేదని అడిగిన సౌండ్‌బార్ సంగతి

మా టీవీలో పాటలు చెవులు పగిలేలా, మాటలు మాత్రం గొణుగుతున్నట్టు వస్తున్నాయని, టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్, అదే సౌండ్‌బార్, 2.1ది (కుడి, ఎడమ స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) తీసుకోవాలా 3.1ది (వాటికి తోడు మధ్యలో ఇంకో స్పీకర్) తీసుకోవాలా అని ఆమధ్య అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. 3.1 తీసుకున్నాం.

తేడా బాగానే ఉంది. 5.1 ఆడియో (ఐదు స్పీకర్లకీ, ఒక సబ్‌వూఫర్‌కీ విడివిడిగా సౌండ్) ఉన్న సినిమాల్లో డైలాగులు ఎక్కువగా సెంటర్ ఛానల్‌లోనే, అంటే మధ్య స్పీకర్‌కి వెళ్లే సౌండ్‌లోనే ఉంటాయి. 3.1లో దానికి విడిగా స్పీకర్ ఉంటుంది కాబట్టి, వాల్యూమ్ పెంచకుండా మాటల్ని మాత్రమే పెంచుకోవచ్చు. అత్తయ్యగారు ఇప్పుడు సబ్‌టైటిల్స్ అడగడం మానేశారు, నాకు ఆ రివ్యూ చాలు! పాత సినిమాల్లో మాత్రం పెద్ద తేడా లేదు. అసలు రికార్డింగే అలా ఉంటే బార్ ఏం చేస్తుంది?

బార్‌ని టీవీకి కలపడానికి ఆప్టికల్ కేబుల్ వద్దు, హెచ్‌డీఎమ్ఐ ఏఆర్‌సీ పోర్టుకే (టీవీ సౌండ్‌ని బయటి స్పీకర్‌కి పంపే హెచ్‌డీఎమ్ఐ పోర్టు) పెట్టమన్నవాళ్ల మాట నిజమే. టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతోంది. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (ఒకే రిమోట్‌తో రెండింటినీ నడిపే ఆప్షన్) ఆన్ చేయాలి, అంతే. పెదాల కదలికకీ మాటకీ పొంతన కుదరకపోతే ఆడియో డిలే అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని కాస్త జరిపితే సర్దుకుంది.

సబ్‌వూఫర్ గురించి ఎవరూ చెప్పలేదు గానీ, కుక్క ఉన్నవాళ్లు దాన్ని కుక్క పరుపు పక్కన పెట్టకండి. ఫైట్ సీన్ రాగానే మావాడు మంచం కిందకి దూరిపోయేవాడు. సబ్‌వూఫర్‌ని గదిలో ఇంకో మూలకి మార్చి, బేస్ తగ్గించాం. రాత్రిపూట పెద్ద శబ్దాల్ని తగ్గించే నైట్ మోడ్ పెడుతున్నాం. ఇప్పుడు సోఫా కిందే గుర్రు పెడుతున్నాడు, ఆ గురకకి మాత్రం మ్యూట్ బటన్ లేదు.