జాతకం చూసుకుని మన గుణం దిద్దుకుంటే ప్రేమ నిలబడుతుందా?

పాలకొండ (కడప), రాత్రి 9.10
నేను ప్రేమించిన అబ్బాయిది ప్రొద్దుటూరు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, పెండ్లి మాటలు నడుస్తున్నాయి. జాతకాలు చూపిస్తే పొంతనలు 36కి 22 వచ్చినాయి. కానీ నాకు కుజుడు ఏడో ఇంట్లో ఉన్నాడని, కుజదోషమని, అది కాపురానికి మంచిది కాదని చెప్పినారు. ఆయనకు మీనంలో శని, చంద్రుడు కలిసి ఉన్నారు. శాంతి చేయించి ముందుకు పోదామని మా ఇంట్లో అంటున్నారు. నేను అడిగేది శాంతి గురించి కాదు. కొన్నాళ్లుగా నా జాతకాన్ని నేనే చదువుకుంటున్నా. కుజుడు ఏడులో ఉంటే దగ్గరి మనిషి మీద తొందరగా కోపం వస్తుందంటారు. నాకు నిజంగానే వస్తుంది. అది తెలిసినప్పటి నుంచి మాట పెరుగుతుందనిపిస్తే కాసేపు బయటికి పోయి, నెమ్మదించినాక వచ్చి మాట్లాడుతున్నా. గొడవలు తగ్గినాయి. ఇట్లా జాతకం ఆసరాతో లోపల ఎదగడం నిజమేనా, లేక నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నానా? తెలిసినవాళ్లు చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు), రాత్రి 9.32
బయటికి పోయి రావడం మంచి పని. దానికి కుజుడితో పనేముంది? ముందు ఈ దోషం లెక్క చూడండి. మన వైపు 2, 4, 7, 8, 12 ఇండ్లలో కుజుడుంటే దోషమంటారు. పన్నెండిట్లో ఐదు. అంటే లగ్నం (పుట్టినప్పుడు తూర్పున లేచే రాశి, ఇండ్ల లెక్క దాని నుంచే) నుంచి చూస్తేనే నూటికి సుమారు 42 మందికి దోషం. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూడాలంటారు కదా, ఆ మూడూ దేనికదే అనుకుని లెక్కవేస్తే ఏదో ఒకదాని నుంచి దోషం తగిలేవాళ్లు నూటికి 80 మంది. ఐదుగురిలో నలుగురికి ఉండేదాన్ని దోషమని ఎట్లా అంటారు? నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఈ లెక్క బోర్డు మీద వాళ్లతోనే వేయిస్తా.

ఏడురోడ్లు (కడప), రాత్రి 9.40
మా పిన్నమ్మ కొడుక్కూ కుజదోషమే. ఇద్దరు పిల్లలు, చల్లగా ఉన్నారు.

చిత్రావతి గట్టు (ధర్మవరం), రాత్రి 10.05
బురుజు సార్, సగం శాస్త్రం తీసుకుని లెక్క మాత్రం పూర్తిగా వేసినారు. కుజుడు సొంత ఇండ్లయిన మేషం, వృశ్చికంలో ఉన్నా, ఉచ్చ అయిన మకరంలో ఉన్నా దోషం పట్టదు. గురుదృష్టి ఉంటే బలం తగ్గుతుంది. ఇద్దరికీ ఉంటే దోషసామ్యం, నిక్షేపంగా పెండ్లి చేయొచ్చు. ఇవన్నీ తీసేస్తే మీ 80 ఎంతకు దిగుతుందో అదీ మీ పిల్లలతో వేయించండి.

అమ్మాయీ, నువ్వు చేస్తున్నది సరైన పనే. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. జాతకం చూడడం మా నాయన నేర్పినాడు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను. నా దగ్గరికి వచ్చే జంటల్లో నేను గమనించింది చెప్తా. నీకు కోపమెక్కువ అని పెండ్లాం అంటే మొగుడు వినడు, ఇంకా రెచ్చిపోతాడు. అదే మాట నేను, నీ కుజుడు ఎనిమిదిలో ఉన్నాడు నాయనా, నోరు జారకుండా చూసుకో అని చెప్తే తలొంచుకుని వింటాడు. నింద మనిషి మీద కాకుండా గ్రహం మీద పడుతుంది. అందుకే పౌరుషానికి పోకుండా దిద్దుకుంటాడు. శాంతి పూజ కంటే ఈ వినడమే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

బురుజు నీడ, రాత్రి 10.28
మినహాయింపులు కలిపితే 80 తగ్గుతుంది, సరే. కానీ ఉత్తరాదిలో రెండో ఇల్లు వదిలేసి ఒకటో ఇల్లు పట్టుకుంటారు. అంటే రెండో ఇంట్లో కుజుడున్న మన పిల్ల నర్మద దాటితే దోషం పోతుందా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

ఇంకో సంగతి. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పూణేలో ఒక పరీక్ష పెట్టినారు. బాగా చదివే పిల్లలవి 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 జాతకాలు తీసుకుని, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూసి జవాబులు పంపినారు. సగటున 46 శాతమే సరిపోయినాయి. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. 2007లో మాంచెస్టర్ యూనివర్సిటీలో డేవిడ్ వోస్ అనే ఆయన 2001 జనాభా లెక్కలు పట్టుకుని ఇంగ్లండు, వేల్స్ లోని కోటి జంటల రాశులు చూసినాడు. ఫలానా రాశికి ఫలానా రాశి జోడీ అనే జాడ ఎక్కడా దొరకలేదు.

చిత్రావతి గట్టు, రాత్రి 10.51
నార్లీకర్ గారు అడిగింది పిల్లల తెలివి గురించి, కాపురం గురించి కాదు. ఇంగ్లండు లెక్క సూర్యుడి రాశిది. మనం చూసేది చంద్రుడున్న నక్షత్రం. ఆ రెండిటితో మన పద్ధతి తేలిపోయిందనడం న్యాయం కాదు. నర్మద సంగతి అంటారా, దేశాచారాన్ని బట్టి నియమం మారుతుంది. పంచాంగమే మనకు చాంద్రమానం, పక్కన తమిళులకు సౌరమానం. ఉగాది తేదీ వేరైనంత మాత్రాన ఏడాది అబద్ధం అవుతుందా?

బురుజు నీడ, రాత్రి 10.58
ఉగాది తేదీ మారితే ఎవరి పెండ్లీ ఆగదు సార్. రెండో ఇల్లా, ఒకటో ఇల్లా?

గండికోట (జమ్మలమడుగు), రాత్రి 11.02
ఆ పాప అడిగింది ఏంది, మీరు చెప్తాండేది ఏంది?

నల్లరేగడి (నంద్యాల), ఉదయం 6.20
రాత్రంతా చదివినా. ఊరుకోబుద్ధి కాలే, రాస్తాండా.

నాది ఆశ్లేష నక్షత్రం. ఆశ్లేష కోడలొస్తే అత్తకు గండమని అంటారని మీకందరికీ తెలుసు. సంబంధం కుదిరినాక ఈ మాట బయటికి తీసినారు. వద్దని పోలేదు, కట్నం పెంచినారు. మా నాయన చేను అమ్మినాడు. కాపురానికి పోయిన సంవత్సరం మా అత్తకు షుగర్ బయటపడింది. ఆమెకు యాభై దాటినాయి, ఆమె అక్కకూ ఉంది, అయినా నా నక్షత్రం వల్లనే అన్నారు. ఆమెకు జ్వరమొస్తే నేను గుడికి పోవాల, ఉపవాసం ఉండాల. మా ఆయన ఒక్కనాడూ అది తప్పని అనలే. మా అత్త ఈ రోజుకూ బాగుంది. నాలుగిండ్లు తిరిగొస్తాది. ఆ చేను మాత్రం తిరిగి రాలే. ఇప్పుడు చెప్పండి, జాతకంతో ఎవురు ఎదిగినారు?

చిత్రావతి గట్టు, ఉదయం 7.15
చాలా అన్యాయం జరిగిందమ్మా. అయితే ఆశ్లేషలో ఏ పాదం మీది? పాదాన్ని బట్టి ఆ దోషం మారుతుంది. మీకు సరిగ్గా చూసి చెప్పి ఉండరు.

నల్లరేగడి, ఉదయం 7.22
అయ్యవారూ, నేను నా బతుకు చెప్తే మీరు పాదం అడుగుతాండారా? ఒక పాదమైతే మా నాయన చేను పోయినా సరి, ఇంకో పాదమైతే సరిగాదా? మీలాంటోళ్లు ఎంతమంది ఆడపిల్లలకు ఇట్ల రాసిచ్చినారో ఒకసారి లెక్కేసుకోండి.

చిత్రావతి గట్టు, ఉదయం 7.40
ఆ మాట నాకు తగదు. ఒక్క పెండ్లి చెడగొట్టిన పాపం నాకు లేదు. ఎవరో చేసిన దానికి నన్ను నిలబెట్టి కడగడం ఏం న్యాయం?

బురుజు నీడ, ఉదయం 7.55
న్యాయమే. మనుషులు ఎందుకు నమ్ముతారో కూడా తెలిసిందే. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసరు తన విద్యార్థులకు, ఎవరి స్వభావం వాళ్లకు రాసిచ్చినానని కాగితాలు పంచినాడు. అన్నిట్లో ఒకే రాత. అది మీకెంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. పాలకొండ గారికి కుజుడు సరిపోవడం కూడా ఇట్లాంటిదే.

నల్లరేగడి, ఉదయం 8.10
సారూ, మీరూ నా మాట పట్టుకుని మీ పాఠమే చెప్తాండారు. నాకు అమెరికా లెక్క వద్దు. ఆ పాపను ఎవురూ అడగని మాట నేను అడుగుతా. పాపా, నీ కుజుడి సంగతి ఇంత రాసినావు, నీ కోపం నువ్వు దిద్దుకుంటాండావు, సంతోషం. ఆయప్పకు శని చంద్రుడు కలిసినాయన్నావు. దాని గురించి ఒక్క ముక్కే రాసినావు. ఆయప్ప ఏం దిద్దుకుంటాండాడు?

పాలకొండ, మధ్యాహ్నం 1.30
అక్కా, పొద్దున మీ మెసేజ్ చూసి ఆఫీసులో పని మీద మనసు పెట్టలేకపోయినా. ఉన్నది చెప్తా.

ఏదన్నా మాట తేడా వస్తే ఆయన మాట్లాడడం మానేస్తాడు. ఫోను ఎత్తడు, మెసేజ్ చూసి కూడా జవాబివ్వడు. వారాలు అట్లే ఉంటాడు. తర్వాత ఏమీ జరగనట్టు వస్తాడు. అడిగితే, చంద్రుడితో శని ఉన్నాడు, పైగా ఇప్పుడు ఏలినాటి శని, నేనింతే, నువ్వే సర్దుకోవాల అంటాడు. యాగంటికి పోయినాడు. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకి వాలదని, కాకి రాని చోటికి శనీ రాడని చెప్తారు కదా, అందుకని. వచ్చినాక కూడా మార్పు లేదు. నా కోపం ఆయన భరిస్తున్నాడు కాబట్టి ఆయన మౌనం నేను భరించాల అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నా.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు), మధ్యాహ్నం 1.41
పెండ్లికి ముందే ఇట్లుంటే తర్వాత ఎట్లమ్మా.

బురుజు నీడ, మధ్యాహ్నం 2.05
ఇది ముందే చెప్పాల్సింది. ఆయన పుట్టింది 1996, 1998 మధ్యలో అయి ఉండాల, శని అప్పుడే మీనంలో ఉన్నాడు. ఆ కాలంలో పుట్టిన మీనరాశి వాళ్లందరికీ ఇదే కలయిక. వాళ్లంతా ఫోన్లు ఎత్తడం లేదా? దంపతుల గొడవల మీద ఏండ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ అనే ఆయన కాపురాన్ని కూల్చే నడతలు నాలుగు చెప్పినాడు: మనిషి గుణాన్నే తప్పుపట్టడం, చులకన చేయడం, తప్పంతా ఎదుటివాళ్ల మీదికి నెట్టడం, మాటకు తలుపు మూసేయడం. చివరిది చేసేవాళ్లు చాలాసార్లు లోపల ఉక్కిరిబిక్కిరై, గుండె దడతో ఉంటారట. దానికి ఆయన చెప్పే మార్గం, కనీసం ఇరవై నిమిషాలు విరామం తీసుకుని, మళ్లీ వస్తానని చెప్పి, వచ్చి మాట్లాడడం. పాలకొండ గారూ, మీరు బయటికి పోయి వచ్చి చేస్తున్నది అదే. ఆయన వారాల తరబడి పోతున్నాడు, చెప్పకుండా పోతున్నాడు.

చిత్రావతి గట్టు, మధ్యాహ్నం 3.20
ఈ మాట నేను గట్టిగా చెప్పాల. శనిని చూపించి మాట ఎగ్గొట్టమని ఏ శాస్త్రంలోనూ లేదు. శని కర్మకారకుడు. చేసినదానికి జవాబు చెప్పించే గ్రహం. శని చుట్టు తిరగడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏండ్లు, 2025 మార్చి నుంచి మళ్లీ మీనంలో ఉన్నాడు. పుట్టినప్పుడున్న చోటికే తిరిగి వచ్చినాడంటే, ఆ అబ్బాయి తన బాధ్యత తాను ఎత్తుకోవాల్సిన కాలం ఇదే. శని చంద్రులు కలిసినవాళ్లకు మనసులోది నోటికి రావడం కష్టమని చెప్తాం. కష్టం కాబట్టి ప్రయత్నం వాడే ఎక్కువ చేయాలని చెప్తాం. నువ్వే సర్దుకో అని ఆడపిల్లకు చెప్పం. ఆ అబ్బాయి నా దగ్గరికి వస్తే ఇదే మాట మొహం మీద చెప్తా.

నల్లరేగడి, సాయంత్రం 4.02
అయ్యవారూ, మీరు మంచోళ్లే. కోపంలో ఒక మాటన్నా, అది మీ ఒక్కరి మీద కాదు. కానీ నా పేచీ ఇక్కడే. మీరు చెప్పేటప్పుడు మంచిగానే చెప్తారు. ఆ కాగితం ఇంట్లోకి పోయినాక ఎవురి చేతిలో ఉంటాదో వాళ్ల మాటే చెల్లుతాది. మగపిల్లోని శని వాని స్వభావం అవుతాది. ఆడపిల్ల కుజుడు దోషం అవుతాది. వానికి సర్దుకోవాల, దీనికి శాంతి చేయాల. ఈ పాప విషయంలోనూ అదే కదా జరిగింది?

చిత్రావతి గట్టు, సాయంత్రం 4.30
జరిగింది, కాదనను. కానీ తల్లీ, కాగితం లేకుంటే వాళ్లు ఊరుకునేవాళ్లా? కులం అంటారు, రంగు అంటారు, వయసు అంటారు. కట్నం పెంచాలనుకున్నవాడికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నల్లరేగడి, సాయంత్రం 4.37
కులం, రంగు, వయసు అని మాట అనేది మనిషి. మనిషికి ఎదురు చెప్పొచ్చు. మా నాయన బాగా నోరున్నోడు, కట్నం గురించి అడిగింటే పోట్లాడేవాడు. గ్రహం అనేసరికి తలొంచి చేను అమ్మినాడు. మొగుడు కోపాన్ని గ్రహం మీద పెడితే వింటాడని మీరే చెప్పినారు. ఎదురు చెప్పలేరు కాబట్టే కదా వినేది. అందుకే నాకు భయం.

బురుజు నీడ, సాయంత్రం 4.50
నేను నిన్న రాత్రి నుంచి చెప్పాలనుకున్నది ఇదే.

గండికోట, సాయంత్రం 4.53
లేదన్నా, మీరు రెండో ఇల్లా ఒకటో ఇల్లా అని అడుగుతాంటిరి.

చిత్రావతి గట్టు, సాయంత్రం 6.10
నల్లరేగడమ్మ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. నా వరకు ఇకమీదట ఒక పద్ధతి పెట్టుకుంటా. పెద్దలు ఒక్కరే వచ్చి కాగితాలు పెడితే చూడను. ఇద్దరు పిల్లలూ ఎదురుగా కూర్చుంటేనే చూస్తా. ఎవరి పని ఏదో ఇద్దరికీ వినపడేట్టు చెప్తా. చూడడమే మానేయమంటే మాత్రం ఒప్పుకోను. దాని వల్ల చేతులు కలిపిన మొగుడూపెండ్లాలను నా కండ్లతో చూసినా.

నల్లరేగడి, సాయంత్రం 6.25
మానేయమనే నేనంటా. అయినా ఇద్దరినీ కూర్చోబెడతానన్నారు, అంతవరకు మేలే.

పాలకొండ, రాత్రి 8.45
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆయనకు మెసేజ్ పెట్టినా. మాట తేడా వస్తే కాసేపు ఆగుదాం, కానీ ఎప్పుడు మాట్లాడతావో చెప్పి ఆగు, ఆ రోజు దాటనీయొద్దు, ఇది కుదురుతుందా అని అడిగినా. శని మాట ఎత్తొద్దని కూడా రాసినా, నేను నా కుజుడి మాట ఎత్తనని చెప్పినా. ఈ ఒక్కదానికి ఒప్పుకోకపోతే పెండ్లి మాటలు ఆపమని మా అమ్మకు చెప్తా. మా నాయనకు ఇంకా తెలీదు. కుజశాంతి మాత్రం వద్దని ఇంట్లో చెప్పేసినా, అమ్మ అలిగింది. అక్కా, మీరు అడగకపోయింటే ఇది నేను బయటికి చెప్పేదాన్ని కాదు.

బురుజు నీడ, రాత్రి 8.58
బాగా చేసినారు. ఏ జవాబొచ్చినా ఇక్కడ రాయండి. ఆయన జాతకం మాత్రం ఎవరికీ పంపొద్దు.

చిత్రావతి గట్టు, రాత్రి 9.03
ఇద్దరూ కలిసి వస్తే ధర్మవరంలో మా ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. పంపమని నేనూ అడగను. బురుజు సార్, మన వైపు రెండో ఇల్లే.

బురుజు నీడ, రాత్రి 9.06
ఎందుకు రెండో ఇల్లు?