పోర్ట్రెయిట్లు నేర్చుకునేవాళ్లు ముందు కొనాల్సింది లెన్సా, లైటా?

బుర్జుకాడ (కర్నూలు)
అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్‌హ్యాండ్ కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సారు కెమెరా), దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్సు ఉన్నాయి. ఆర్నెల్లుగా నేర్చుకుంటున్నా. చేతిలో పది వేలున్నాయి, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు తీసుకోవాలా, ఒక చిన్న ఫ్లాషూ దాని వెలుతురును మెత్తబరిచే గొడుగూ తీసుకోవాలా తేలడం లేదు. నాకు కావాల్సింది మనుషుల ముఖాలు. మా జేజికి ఎనభై దాటినాయి, ఆమె ఫోటో ఒకటి బాగా తీయాలనే ఇదంతా మొదలుపెట్టినా. నిన్న నడింట్లో గవాక్షి (వెలుతురు కోసం పైకప్పులో పెట్టిన కంత) కింద కూర్చోబెట్టి తీస్తే కళ్లు గుంటల్లోకి పోయినట్టు నల్లగా వచ్చినాయి. ఇక్కడ ఎవర్ని అడిగినా లెన్సు మార్చమంటున్నారు.

కడప క్లిక్
లెన్సే తమ్ముడూ, ఆలోచించొద్దు. పన్నెండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా. నీ కిట్ లెన్సు 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు), 1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. తెల్లవారుజాము ముహూర్తంలో, మండపంలో అరకొర లైట్ల మధ్య, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు, అప్పుడు గొడుగు ఎక్కడ నిలబెడతావు? పైగా నీ బాడీ మీద 50 వేస్తే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సారు కెమెరాలో, 80 పెట్టినట్టు ఉంటుంది, ముఖాలకు బాగా కుదురుతుంది. వెనక గోడ మీద క్యాలెండరు, స్విచ్‌బోర్డు అన్నీ మసకలో కలిసిపోతాయి.

అనంత వెలుగు
పెళ్లిళ్ల విషయంలో అన్న మాట నిజమే, కానీ తమ్ముడు అడిగింది వాళ్ల జేజి ముఖం గురించి. అక్కడ తప్పు లెన్సుది కాదు. గవాక్షిలోంచి వెలుతురు నెత్తి మీద నిటారుగా పడుతుంది, కనుబొమల నీడ కళ్ల మీదికొస్తుంది. అదే చోట 1.8 పెట్టి తీసినా ఆ నీడ అట్లాగే ఉంటుంది, వెనక గోడ మాత్రం మెత్తబడుతుంది. నేను పిల్లలకు నేర్పేటప్పుడు మొదటి నెలంతా ఒకే పని చెప్తా: ఇంట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ ముఖం మీద నీడ ఎక్కడ పడుతోందో చూడమంటా, కెమెరా లేకుండా.

జేజిని గవాక్షి కింద నుంచి లేపి కిటికీ పక్కన కూర్చోబెట్టు, ఎండ నేరుగా పడని కిటికీ. ముఖం కిటికీ వైపు సగం తిప్పమను. అవతలి చెంప మీద, కంటి కింద, చిన్న ముక్కోణంలా వెలుతురు మిగిలిందంటే నువ్వు సరైన చోట ఉన్నట్టే, రెంబ్రాంట్ లైటింగ్ అనేది అదే. కిటికీ పెద్దది, మనిషి దగ్గర్లో ఉంటాడు, అందుకే నీడ అంచులు మెత్తగా వస్తాయి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరం నుంచి మనకు ఒక చుక్కే, అందుకే ఎండలో నీడ కత్తితో కోసినట్టుంటుంది.

ఇంకొకటి, మీ ఇంట్లో కింద పరిచిన బండలు ఏవి? కడప నల్లబండలైతే పడిన వెలుతురును అవి మింగేస్తాయి, గడ్డం కింద చీకటైపోతుంది. బేతంచెర్ల తెల్లబండలున్న ఇంట్లో అదే ఫోటో వేరేగా వస్తుంది. నల్లబండలే ఉంటే తెల్ల పంచె ఒకటి జేజి ముందర నేల మీద పరుచు. అవతలి చెంప పక్కన థర్మాకోల్ షీటు ఎవరినైనా పట్టుకోమను. ఫ్లాషు కొన్నా రేపు నేర్చుకోవాల్సింది ఇదే, దూరం రెండింతలు చేస్తే వెలుతురు పావు వంతే మిగులుతుందన్న లెక్క ఒకటి అదనంగా.

కడప క్లిక్
బండల సంగతి ఒప్పుకుంటా, నేనూ గమనించినా. కానీ 50 కూడా నేర్పుతుంది కదా అన్నా, జూమ్ లేదు కాబట్టి కాళ్లతో కదలాల్సిందే.

అనంత వెలుగు
జూమ్ 50 మీద పెట్టి ముట్టుకోకుండా ఉంటే అదే పాఠం కిట్ లెన్సుతోనూ వస్తుంది. పైగా ఆ బాడీ మీద 50ని 1.8లో పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. కన్ను దొరికితే చెవి పోతుంది, పెద్దావిడ కొంచెం ఊగినా కన్ను కూడా పోతుంది. అప్పుడు ఎఫ్/4కో 5.6కో మూస్తావు, అంటే కిట్ లెన్సు ఉన్న చోటికే వచ్చినట్టు. ముక్కు పెద్దదిగా రావడానికి కూడా లెన్సును తిట్టొద్దు, అది మనం మరీ దగ్గరికి పోవడం వల్ల. ఐదారడుగులు వెనక్కి జరగండి.

గండికోట పొద్దు
నేను జమ్మలమడుగు. బయట తీసేవాళ్ల కోసం ఒక మాట. గండికోటకు ఫోటోలకొచ్చే జంటలను మిట్టమధ్యాహ్నం లోయ అంచున నిలబెట్టి 1.8లో తీస్తుంటారు. ఆ ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సారు స్పందించే మోతాదు) 100కి ఎఫ్/16 దగ్గర సెకనులో నూరో వంతు షట్టర్ సరిపోతుంది, దాన్నే 1.8కి తెస్తే ఎనిమిది వేలో వంతు కావాలి. చిన్న బాడీలు చాలావరకు నాలుగు వేల దగ్గరే ఆగిపోతాయి, ముఖాలు తెల్లగా పేలిపోతాయి. మామూలు ఫ్లాషు కలుపుదామంటే షట్టర్ రెండు వందలు దాటకూడదు, అంటే ఎఫ్/11కి పోవాలి, బ్యాక్‌గ్రౌండ్ మసక ఆశ వదులుకోవాల్సిందే. నేనైతే వాళ్లను మాధవరాయస్వామి గుడి మండపం నీడలోకి, అంచుకు రెండడుగులు లోపలికి తీసుకుపోతా, బయట నేల మీద పడ్డ ఎండ తిరిగొచ్చి ముఖాలను వెలిగిస్తుంది. అక్కడి ఎర్రరాయి రంగు కూడా చర్మం మీదికి వస్తుంది, వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిదిద్దే సెట్టింగు) ఆటోలో వదిలేయొద్దు.

బుర్జుకాడ (కర్నూలు)
ఈ రోజు పొద్దున ఎనిమిదికి మళ్లీ తీసినా. మావి నల్లబండలే. కిటికీ పక్కన కుర్చీ, కింద జేజినాయన పాత పంచె, థర్మాకోల్ మా చెల్లెలు పట్టుకుంది. కిట్ లెన్సే, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 800, షట్టర్ సెకనులో నూట ఇరవై ఐదో వంతు. మొదట్లో తెల్ల చీర వల్ల కెమెరా అంతా మబ్బుగా తీసింది, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచితే ముఖం తేటగా వచ్చింది. కళ్లలో కిటికీ చిన్నగా మెరుస్తోంది. చూసి జేజి మా అమ్మను పిలిచి చూపించింది. డబ్బులు ప్రస్తుతానికి అట్లే పెట్టుకుంటున్నా. ఒకటే మిగిలింది, కళ్లద్దాలు పెట్టుకుంటే కిటికీ మొత్తం అద్దంలో తెల్లగా కనిపిస్తోంది, అవి తీసేస్తే ఆమె మా జేజిలా లేదు.

కడప క్లిక్
తీయొద్దు తమ్ముడూ. కళ్లద్దాల కాడలను చెవుల మీద కాస్త పైకి ఎత్తి పెట్టు, అద్దాలు కొంచెం కిందికి వాలుతాయి. అప్పటికీ పోకపోతే గడ్డం వేలెడు దించమను, లేదంటే కుర్చీని కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి లాగు. ఫోటో పెట్టు, చూస్తాం.