జనాన్ని పోగుచేయడం తేలికైంది, ఉద్యమాన్ని నడపడం తేలికైందా?

గోడపత్రిక:

సామాజిక మాధ్యమాలు వచ్చాక ప్రపంచమంతటా సామాన్యుల ఉద్యమాలకు బలం పెరిగిందన్న మాట తరచూ వింటున్నాం. నా వాదన దీనికి ఎదురు. వేగం పెరిగింది, బలం తగ్గింది. కాదనేవారు ఉదాహరణలతో రండి, నినాదాలతో వద్దు.

1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో తెల్లజాతి ప్రయాణికుడికి బస్సు సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు ఒక సహోద్యోగినీ ఇద్దరు విద్యార్థులనూ వెంటబెట్టుకుని, కళాశాల సైక్లోస్టైల్ యంత్రం మీద వేలకు వేలు కరపత్రాలు తీశారు. డిసెంబరు 5, సోమవారం, ఆ ఊరి నల్లజాతివారు బస్సులు ఎక్కలేదు. బహిష్కరణ 381 రోజులు సాగింది.

ఈ కథలో అందరికీ కరపత్రం గుర్తుంటుంది. నాకు ముఖ్యం ఆ తర్వాతి రోజులు. వేలమంది రోజూ పనికి వెళ్లాలి, ఇంటికి తిరిగి రావాలి. అందుకోసం సొంత కార్లున్నవారిని కూడగట్టారు. ఎక్కే చోట్లు, దిగే చోట్లు నిర్ణయించారు. పెట్రోలుకు చందాలు పోగుచేశారు. చర్చిల్లో సభలు పెట్టుకుని, మాట తేడాలొస్తే అక్కడే తేల్చుకున్నారు. కరపత్రం కూడా ఒక్క రాత్రిలో ఊడిపడలేదు. బస్సుల బహిష్కరణ జరగవచ్చని రాబిన్సన్ 1954 మే నెలలోనే మేయరుకు లేఖ రాశారు.

ఇప్పుడు 2017 జనవరి 21 నాటి మహిళా ప్రదర్శన చూడండి. ట్రంప్ గెలిచిన నవంబరు ఎన్నికల మర్నాటి ఫేస్‌బుక్ పోస్టులతో మొదలై, రెండున్నర నెలల్లో అమెరికా అంతటా లక్షల మందిని వీధుల్లోకి తెచ్చింది. అంతమంది వచ్చారు, మరి ఆ మర్నాడు ఏం చేయాలో ఎవరు చెప్పాలి? సామాజిక శాస్త్రవేత్త జైనెప్ టుఫెక్చి చాలాకాలంగా చెబుతున్నది ఇదే. ఒకప్పుడు భారీ ప్రదర్శన అంటే ఏళ్ల కూడికకు ఫలితం. దాన్ని చూసి ప్రభుత్వం భయపడేది, ఎందుకంటే ఆ జనం వెనక ఒక నిర్మాణం ఉందని దానికి తెలుసు. ఇప్పుడు ప్రదర్శన మొదటి మెట్టు. వెనక ఏమీ లేదని ప్రభుత్వానికీ తెలుసు.


ఉలిచప్పుడు:

గోడపత్రిక గారూ, మాంట్‌గోమరీని ఇంత అందంగా చెప్పి, దాని ముగింపు దాటవేశారు. బస్సుల్లో వివక్ష చెల్లదని 1956 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దావా వేరుగా నడిచింది. జనం ఓర్పు గొప్పదే, కానీ 381 రోజుల నడక ఒక్కటే గెలిపించిందనడం సగం కథ. ఇక మహిళా ప్రదర్శన "మర్నాడు" సంగతి: 2018 ఎన్నికల్లో అమెరికా కాంగ్రెస్‌కు అంతకుముందెన్నడూ లేనంతమంది మహిళలు ఎన్నికయ్యారు. అదంతా ప్రదర్శన పుణ్యమే అనను. ఏమీ మిగలలేదని మాత్రం మీరూ అనలేరు.

అసలు మీరు కొలిచేది తప్పు కొలత. ఈ సాధనం మొదటి పని జనాన్ని కూడగట్టడం కాదు, సాక్ష్యం నిలబెట్టడం.

ట్యునీషియాలోనే రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. 2008లో గఫ్సా గనుల ప్రాంతంలో ఉద్యోగాల నియామకాల్లో అక్రమాలపై తిరుగుబాటు లేచింది. నెలల తరబడి సాగింది. పోలీసులు ఆ ఊళ్లను చుట్టుముట్టారు, పత్రికలు నోరు మెదపలేదు, పక్క జిల్లాలకే సరిగ్గా తెలియకుండా అణచివేశారు. మీరు మెచ్చే నిర్మాణం అక్కడ ఉంది: కార్మిక సంఘాల నాయకులు ఉన్నారు, సభలున్నాయి, ఓర్పు ఉంది. 2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో మహమ్మద్ బువాజీజీ అనే వీధి పండ్ల వ్యాపారి నిప్పంటించుకున్నాడు. ఆ రోజు నిరసనను బంధువులు ఫోనులో తీశారు, అది ఫేస్‌బుక్‌కు చేరింది, అక్కడినుంచి అల్ జజీరాకు, అక్కడినుంచి ప్రతి ఇంటి టీవీకి. 2011 జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. రెండు తిరుగుబాట్లకూ ధైర్యం ఒకటే, కోపం ఒకటే. ఊరి పొలిమేర దాటి వార్త వెళ్లడమే తేడా.

అమెరికాలోని మినియాపొలిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అయినా చెబుతాను. 2020 మే 25 రాత్రి పోలీసుల ప్రకటన ప్రకారం, వారితో వ్యవహారం నడుస్తుండగా ఆరోగ్య సమస్య వచ్చి ఒక మనిషి చనిపోయాడు, అంతే. పోలీసు అతని మెడ మీద మోకాలు నొక్కిపెట్టిన మాటే అందులో లేదు. పదిహేడేళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ తన ఫోనులో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన వీడియో లేకపోతే జార్జ్ ఫ్లాయిడ్ మరణం ఆ ప్రకటన దగ్గరే ఆగిపోయేది.


రెండోమాట:

"ప్రపంచవ్యాప్తం" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. 2012 మార్చి 5న ఒక అమెరికా సంస్థ పిల్లల్ని ఎత్తుకుపోయి సైనికులుగా మార్చిన ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ మీద అరగంట వీడియో వదిలింది. ఆరు రోజుల్లో పదికోట్ల వీక్షణలు. ఏప్రిల్ 20 రాత్రి ఊరూరా గోడలన్నీ పోస్టర్లతో నింపాలని పిలుపునిచ్చారు. ఆ రాత్రికి వచ్చినవారు పలచగా ఉన్నారు. అప్పటికి ఏళ్ల కిందటే కోనీ ఉగాండా వదిలి వెళ్లిపోయాడు. ఆ వీడియోను ఉత్తర ఉగాండాలోని లీరా పట్టణంలో బాధితులకే చూపిస్తే, చూస్తూ చూస్తూ కోపం పట్టలేక రాళ్లు రువ్వారు. తమ కథలో తాము లేరని వాళ్ల ఫిర్యాదు.

దూరాన ఉన్నవారి సానుభూతి ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగా పోతుంది. అన్నిటికంటే ఘోరం, వచ్చినప్పుడు ఆజమాయిషీ కూడా తెస్తుంది.


ఉలిచప్పుడు:

రెండోమాట గారూ, అది బయటివారు బయటివారి కోసం తీసిన వీడియో. దాన్ని కింది నుంచి వచ్చిన ఉద్యమంగా లెక్కవేయడం మీకే నవ్వు తెప్పించాలి.


మైలురాయి:

మీరందరూ సాధనం ఎలా వాడాలా అని వాదిస్తున్నారు. అది ఎవరి ఆస్తి అని ఒక్కరూ అడగరేమిటి?

ఈజిప్టు ఉదాహరణ ఎప్పుడూ పొగడ్తగానే వస్తుంది. 2010లో పోలీసుల చేతిలో చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరిట వెలసిన ఫేస్‌బుక్ పేజీ లేకపోతే 2011 జనవరి 25న మొదలైన తిరుగుబాటే లేదంటారు. ఆ పేజీని 2010 నవంబరులో, సరిగ్గా పార్లమెంటు ఎన్నికల వేళ, ఫేస్‌బుక్కే తీసేసింది. నడిపేవారు మారుపేరు వాడారట, నిబంధనలకు విరుద్ధమట. సొంత పేరు పెడితే జైలు, మారుపేరు పెడితే పేజీ మాయం. అసలు పేరుతో నిర్వాహకత్వం తీసుకునే మనిషి విదేశంలో దొరికాక అది తిరిగి వచ్చింది. ఒక దేశపు తిరుగుబాటు ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగం దయ మీద ఆధారపడింది!

2014 ఆగస్టులో ఫెర్గూసన్ పట్టణంలో మైకేల్ బ్రౌన్ అనే యువకుణ్ని పోలీసు కాల్చి చంపాడు. ట్విటర్ ఆ వార్తతో హోరెత్తుతుంటే, అప్పట్లో చాలామందికి ఫేస్‌బుక్‌లో కనిపించింది ఐసు నీళ్లు నెత్తిన కుమ్మరించుకునే వీడియోలు. ఈ పోలిక కూడా టుఫెక్చి గమనించినదే. ఏది పైకి రావాలో ఏది అడుగున పడాలో లెక్కగట్టే యంత్రానికి నవ్వుతూ మెచ్చుకోగల విషయం ఇష్టం. చావు వార్తకు ఎవరు మెచ్చుకోలు (లైక్) నొక్కుతారు?

ఉలిచప్పుడు గారి సాక్ష్యం వాదన మీద ఒక్క మాట. 2017 ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం లిబియా సైనికాధికారి అల్ వెర్ఫల్లి మీద అరెస్టు వారెంటు ఇచ్చింది. సామాజిక మాధ్యమాల్లో తిరిగిన వీడియోలు అందులో ప్రధాన ఆధారం. దాదాపు అదే రోజుల్లో యూట్యూబ్ కొత్త యంత్ర వడపోత పెట్టి, సిరియా యుద్ధ నేరాలను నమోదుచేసిన వేల వీడియోలను ఉగ్రవాద సమాచారమని తుడిచేసింది. సాక్ష్యం నిలబెడతానన్న గది తాళంచెవి మన దగ్గర లేదు.

మయన్మార్ గురించి వేరుగా రాయాలి. రోహింగ్యాల మీద విద్వేషాన్ని రగిలించడంలో ఫేస్‌బుక్ పాత్ర ఎంతో 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందమే చెప్పింది. అక్కడ సైన్యం నడిపిన ఖాతాలతో పాటు సామాన్యులూ దాన్ని వ్యాపింపజేశారు. "గొంతు లేనివారికి గొంతు" అని మురిసేవారు దీన్ని కూడా అదే ఖాతాలో రాసుకోవాలి.


ఉలిచప్పుడు:

మైలురాయి గారూ, కంపెనీల మీద మీ కోపంలో నాకూ వాటా ఉంది. కానీ ఆ కోపం నుంచి వచ్చే ముగింపు ఏమిటి? వదిలేయాలనా? ఆ మాట సిరియాలో వీడియో తీసినవాడికి చెప్పి చూడండి. అందుకే కదా అక్కడి కార్యకర్తలు తుడిచేయకముందే ప్రతులు దించుకుని సొంత భాండాగారాలు కట్టుకున్నారు! సాధనాన్ని నమ్మకుండా వాడుకోవడం అంటే అదీ.

తాళంచెవి సంగతి తీశారు కనుక ఈజిప్టు రెండో సగం కూడా చెప్పాలి. 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం దాదాపు మొత్తం ఇంటర్నెట్‌ను కోసేసింది. 28న ఏమైంది? జనం తగ్గారా? ఇంట్లో తెర ముందు కూర్చుని చూసేవాడికి చూడటానికి ఏమీ లేకపోయింది, బయటికి వచ్చాడు. పిల్లలు ఏమయ్యారో తెలియక తల్లిదండ్రులు బయటికి వచ్చారు. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు.


గోడపత్రిక:

ధన్యవాదాలు, నా వాదనకు ఇంతకంటే మంచి రుజువు నేను కూడా తేలేకపోయేవాణ్ని. ఇంటర్నెట్ కోసేశాక జనం పెరిగారంటే, అప్పటిదాకా అది వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టినట్టే కదా?

ఆ తర్వాత కథ కూడా చెప్పండి. కైరోలోని తహ్రీర్ చౌక్‌ను నింపిన యువకులకు అభ్యర్థులు లేరు, ఊరూరా శాఖలు లేవు. ఎన్నికలొచ్చేసరికి గెలిచింది ఎనభై ఏళ్లకు పైగా గడప గడపకూ తిరిగిన మత రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్. 2013 జులైలో దాన్ని కూలదోసింది మరింత పకడ్బందీ నిర్మాణం ఉన్న సైన్యం.


ఉలిచప్పుడు:

ఈజిప్టు సైన్యం ముందు ఏ సైక్లోస్టైల్ యంత్రం నిలిచేదో సెలవివ్వండి. ప్రతి ఓటమినీ ఫోను మీదకు నెట్టడం మీకు అలవాటైపోయింది.


నిర్వాహకులు:

వాదన మీద వాదించండి, ఎదుటివారి అలవాట్ల మీద వద్దు. చర్చ బాగా నడుస్తోంది, మూయించకండి.


దారిదీపం:

చదువుతూ ఊరుకుందామనుకున్నాను. గోడపత్రిక, ఉలిచప్పుడు గార్ల వాదనలు రెండూ కలిసి తలపడిన చోటు ఒకటుంది, అది ఈ చర్చలోకి రాలేదు: 2024 కెన్యా.

ఆర్థిక బిల్లులో కొత్త పన్నులు వచ్చాయి. ఇంతకుముందైతే అలాంటి బిల్లు న్యాయవాదులూ అకౌంటెంట్లూ తప్ప ఎవరూ చదవరు. ఈసారి యువత దాన్ని ముక్కలు చేసి, టిక్‌టాక్‌లో స్థానిక భాషల్లో విడమరిచి చెప్పింది. ఎంపీల ఫోను నంబర్లు పంచుకుని, ఫోన్లు మోగిస్తూనే ఉన్నారు. ఇది నాకు ఏ ప్రదర్శన కంటే గొప్పగా అనిపిస్తుంది. ఒక చట్టం తమ జేబులో ఏం చేయబోతోందో లక్షల మందికి వారాల్లో అర్థమైంది. గోడపత్రిక గారు అడిగే నిర్మాణంలో సగం పని ఇదే. జూన్ 25న పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు, పోలీసు కాల్పుల్లో చాలామంది చనిపోయారు. 26న అధ్యక్షుడు రూటో సంతకం పెట్టనన్నాడు.

ఇక మిగతా సగం. రూటో చర్చకు రమ్మన్నాడు. ఎవరు వెళ్లాలి? మాకు నాయకుడు లేడు, తెగ లేదు, పార్టీ లేదు అన్నదే వాళ్ల నినాదం. అది ఊరికే పుట్టలేదు. వెనకటి ఉద్యమాల నాయకులను పదవులిచ్చి కొనేయడం వాళ్లు చూశారు. చివరికి జులైలో రూటో ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) వేదిక మీదే గొంతు సంభాషణ పెట్టి విమర్శకుల ప్రశ్నలకు జవాబులిచ్చాడు. విన్నారు, కడిగేశారు, అయిపోయింది. ఒప్పందం కుదుర్చుకునే అధికారం అక్కడ ఎవరికీ లేదు. అదే ఏడాది డిసెంబరుకు ఆ పన్నుల్లో కొన్ని వేరే చట్టంలో తిరిగి వచ్చాయి. నాయకుడు లేకపోతే పట్టుకుపోవడానికి ఎవరూ ఉండరన్న ధీమా కూడా నిలవలేదు. ఎక్స్‌లో విమర్శించినవారిని ముసుగు మనుషులు ఎత్తుకుపోయారు.

లైంగిక వేధింపులను బయటపెట్టిన 'మీ టూ' (నేను కూడా) ఉద్యమం మాట కూడా ఎవరూ తేలేదు. 2017 అక్టోబరులో అది ప్రపంచమంతా పాకింది నిజమే. తరానా బర్క్ ఆ మాటతో పని మొదలుపెట్టింది 2006లో, లైంగిక హింసకు గురైన అమ్మాయిల మధ్య. 2017లో ఆ మాటతో ట్వీటు వచ్చిన రోజున ఆ పని ఉంది కనుకే దానికి ఒక అర్థం ఉంది.


రెండోమాట:

నేపాల్ వదిలేశారు. 2025 సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను నిషేధించింది. 8న యువత వీధుల్లోకి వచ్చింది, కాల్పుల్లో ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని ఓలీ రాజీనామా. తాత్కాలిక ప్రభుత్వానికి ఎవరు ఉండాలో, జనం బృందాలుగా మాట్లాడుకునే చాట్ వేదిక డిస్కార్డ్‌లో లక్షమందికి పైగా సభ్యులున్న బృందంలో చర్చించి, ఓటు పెట్టి, మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు ముందుకు తెచ్చారు. 12న ఆమె ప్రమాణం చేశారు. నిర్ణయం తీసుకోలేరన్నారుగా?

ఆ ఓటు వేసినవారిలో ఎవరు నేపాలీలో, ఎవరు మరెక్కడినుంచో సరదాకి దూరినవారో తేల్చే ఏర్పాటు లేదన్నది మాత్రం నన్ను కలవరపెడుతోంది. ఫోను లేని పల్లెవాసి సంగతి సరేసరి.


గోడపత్రిక:

అది నిర్ణయం అనుకోండి, నాకు అభ్యంతరం లేదు. సైన్యాధిపతి, రాష్ట్రపతి ఆ పేరును ఒప్పుకున్నారు కనుక అది నిర్ణయమైంది. ఒప్పుకోకపోతే మరో సర్వేగా మిగిలేది. ఒప్పించే బలం నిరసనల్లో కాలుతున్న ప్రభుత్వ భవనాల నుంచి వచ్చింది, డిస్కార్డ్ నుంచి కాదు.


ఉలిచప్పుడు:

మాంట్‌గోమరీలోనూ ఒప్పించే బలం ఖాళీ బస్సుల నుంచి వచ్చింది, కరపత్రం నుంచి కాదు. కరపత్రాన్ని మీరు మెచ్చుకున్నారు, డిస్కార్డ్‌ను మెచ్చుకోరు. తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు.

దారిదీపం గారి ప్రశ్నకు నా జవాబు సూటిగా: రూటో పిలిచిన చర్చకు ఎవరూ వెళ్లకపోవడమే మంచిది. వెళ్లినవాణ్ని మంత్రిని చేసేవారు. జులైలో ప్రతిపక్షం వాళ్లనే మంత్రివర్గంలోకి తీసుకున్న మనిషి ఆయన.


దారిదీపం:

వెళ్లకూడదని ఎవరు నిర్ణయించారు, ఉలిచప్పుడు గారూ? ఒకచోట కూర్చుని, వాదించుకుని, వెళ్లవద్దని తీర్మానించి ఉంటే నేను మీతో ఏకీభవిస్తాను. అలా జరగలేదు. ఎవరూ ఎవరినీ పంపలేని స్థితిలో ఉన్నారు, దానికి నిరాకరణ అని తర్వాత పేరు పెట్టుకున్నారు. డిసెంబరులో పన్నులు తిరిగి వచ్చినప్పుడు బిల్లు చదివి చెప్పే కుర్రాళ్లు అక్కడే ఉన్నారు, ఫోన్లూ ఉన్నాయి. జూన్‌లో ఎవరెవరు వీధిలోకి వచ్చారో, వాళ్లను మళ్లీ ఎలా పిలవాలో రాసిపెట్టుకున్న జాబితా మాత్రం ఎవరి దగ్గరా లేదు.