18/24 అని రాసి వదిలేస్తే మార్కు కట్ చేయాలా?

లవం_హారం:
పరీక్షలో 7/24 + 11/24 ఎంత అని అడిగారు. మా ఇంట్లో పిల్ల 18/24 అని రాసింది, 3/4 అని రాయలేదని అర మార్కు తీసేశారు. సూక్ష్మ రూపంలో, అంటే లవహారాలకు ఉమ్మడి కారణాంకం మిగలకుండా, రాయమని ప్రశ్నలో ఎక్కడా లేదు. రెండూ ఒకే సంఖ్య, సంఖ్యారేఖ మీద ఒకే బిందువు, మరి తప్పెక్కడుంది? నాకైతే ఇది అన్యాయం అనిపిస్తోంది.

లెక్కల పంతులు:
కట్ చేయాల్సిందేనండీ. ఒకరు 9/12, ఒకరు 36/48 అని రాస్తే ఆ రెండూ ఒకటో కాదో తేల్చడానికే ఇంకో లెక్క చేయాలి. సూక్ష్మ రూపం ఒక భిన్నానికి ఒక్కటే ఉంటుంది, అక్కడిదాకా వస్తే చూడగానే తెలిసిపోతుంది. పైగా తర్వాతి పాఠాలు దాని మీదే నడుస్తాయి. హారంలో 2, 5 కాకుండా వేరే ప్రధాన కారణాంకం ఉంటే దశాంశం అంతం కాదని చెప్తాం కదా, 21/70 ఇస్తే హారంలో 7 చూసి పిల్లలు అంతం కాదనేస్తారు. కొట్టివేస్తే అది 3/10, అంటే 0.3! √2 కరణీయ సంఖ్య, అంటే పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది అని నిరూపించేటప్పుడు కూడా లవహారాలకు ఉమ్మడి కారణాంకం లేదనుకునే మొదలుపెడతాం.

పాచికలు:
పంతులు గారూ, దశాంశాల సంగతి ఒప్పుకుంటాను. కానీ రెండు పాచికలు వేసినప్పుడు మొత్తం 2 నుంచి 7 దాకా వచ్చే సంభావ్యతలు చూడండి: 1/36, 2/36, 3/36, 4/36, 5/36, 6/36. ఒక్కో మెట్టు ఎలా పెరుగుతోందో కళ్ళకు కడుతుంది. అన్నీ సూక్ష్మీకరిస్తే 1/36, 1/18, 1/12, 1/9, 5/36, 1/6, అందులో ఏ వరసా కనబడదు, పైగా 12 దాకా అన్నీ కలిపితే 1 వస్తోందో లేదో చూడాలంటే మళ్ళీ 36 దగ్గరికే రావాలి. ఇలాంటి చోట 6/36 అని వదిలేసిన పిల్లకి విషయం తెలుసు.

లెక్కల పంతులు:
అది పట్టిక, నేనంటున్నది చివరి జవాబు. గుణకారంలో అయితే ముందే కొట్టివేయడం మేలు కూడా. 35/48 × 16/49 ని నేరుగా గుణిస్తే 560/2352 వస్తుంది, ముందు 7తో, 16తో కొట్టేస్తే 5/21తో పని అయిపోతుంది.

గసాభా:
నా బాధ వేరు. మార్కు పోతుందన్న టెన్షన్‌లో పిల్లలు కారణాంకాలు చూడకుండా అంకెలు కొట్టేస్తున్నారు. 16/64 లో 6 కొట్టేస్తే అదృష్టం కొద్దీ 1/4 సరిగ్గానే వస్తుంది, అదే ధైర్యంతో 12/24 లో 2 కొట్టేస్తే మళ్ళీ 1/4 అంటారు, అది 1/2 కదా! 1001/1309 ఇస్తే ఏ సంఖ్యతో కొట్టాలో తోచక వదిలేస్తారు. యూక్లిడ్ పద్ధతి నేర్పండి: 1309లోంచి 1001 తీస్తే 308, 1001ని 308తో భాగిస్తే శేషం 77, 308ని 77 నిశ్శేషంగా భాగిస్తుంది. గ.సా.భా., అంటే రెంటినీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య, 77, జవాబు 13/17. ఇది నేర్పకుండా మార్కు కోయడం నాకు నచ్చదు.

లవం_హారం:
నేనూ అదే అంటున్నా, కనీసం ప్రశ్నలో ఒక్క ముక్క రాయాలి.

లెక్కల పంతులు:
ప్రశ్నలో రాయాలన్నది న్యాయమే, ఒప్పుకుంటున్నా. సంభావ్యతలో 6/36 రాస్తే పూర్తి మార్కు ఇస్తాను. కానీ భిన్నాల పాఠం మీదే పెట్టిన పరీక్షలో, సూక్ష్మీకరణ అప్పటికే నేర్పి ఉంటే, 18/24 దగ్గర ఆగినవాళ్ళకి ఆ అర మార్కు నేనివ్వను.