ఓవేర్ చర్చి మీద ఆ నీలి ఆకాశం

ప్రశ్న: మా మైలాపూరు దగ్గరి శాంథోమ్ చర్చి తెల్లని గోపురాన్ని నూనెరంగుల్లో వేస్తున్నాను. డచ్ చిత్రకారుడు వాన్ గో 1890 జూన్‌లో వేసిన, ఫ్రాన్స్‌లోని ఓవేర్ ఊరి చర్చి చిత్రంలో నేలంతా ఎండ కాస్తుంటే, ఆకాశం అంత చిక్కటి నీలంగా ఎందుకుందో దయచేసి ఎవరైనా వివరించగలరా?

జవాబు: అది వేళను బట్టి వేసిన ఆకాశం కాదండీ. చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఆయనే, కట్టడం ఊదాగా, ఆకాశం కోబాల్టు నీలంగా, కిటికీ అద్దాలు అల్ట్రామెరీన్ (ముదురు నీలం) మచ్చలుగా, పైకప్పు కొంత ఊదా, కొంత నారింజగా ఉన్నాయని వర్ణించారు. నీలం పక్కన నారింజ పడితే రెండూ రాణిస్తాయి.

మరో జవాబు: అదే ఉత్తరంలో, నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ ఊళ్లో తాను మునుపు చిత్రించిన పాత చర్చి గోపురాన్నీ తలచుకున్నారు. 1885 నాటి ఆ చిత్రంలోనివి మట్టిరంగులు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం. మీ గోపురానికి తెలుపును నేరుగా పూయకుండా, నీడవైపు కాస్త ఊదా కలిపి చూడండి.