ఇత్తెకిమాస్: జపాన్ వాళ్ళ ‘వెళ్ళొస్తాను’కి ఇంగ్లీషు ఏది?

అందరికీ నమస్కారం. ఈసారి చర్చకి ఒక జపనీస్ మాట తెచ్చాను. తెలుగు గుంపులో జపనీస్ ఎందుకంటారేమో. ఈ మాటకి ఇంగ్లీషు చెప్పమని నన్ను అడిగారు. ఎంత ఆలోచించినా నాకు తెలుగే తట్టింది తప్ప ఇంగ్లీషు తట్టలేదు.

మేముండేది టోక్యోలో, ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్‌లో. తోజాయ్ లైను మెట్రో దిగి బయటికొస్తే మన దేశం వాళ్ళు చాలామంది కనిపించే చోటు. మా పక్క ఫ్లాట్‌లో ఒక జపనీస్ ఆవిడ ఉంటారు. అరవై ఐదు దాటాయి. శనివారం మధ్యాహ్నం ఒక గంట ఆవిడ నాకు జపనీస్ చెబుతారు, ఇంకో గంట నేను ఆవిడకి ఇంగ్లీషు చెబుతాను. టీ తాగుతూ చదువుకుంటాం. మొదటి రోజు ఆవిడ టీ పోస్తూ ‘కప్పు’ అన్నారు. అచ్చం మనం అన్నట్టే, ప-వత్తుతో, చివర ఉకారంతో. ఇంగ్లీషు మాట హల్లుతో ఆగిపోతే మనకి లాగే వాళ్ళకీ నోరు ఊరుకోదు.

ఆవిడ స్కూల్లో చదివింది డెబ్బైల మొదట్లో. ఇంగ్లీషు ఆరేళ్ళు చదివారు. ఏం గుర్తుందండీ అంటే టక్కున ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అన్నారు. ఆ తరంలో చాలామందికి గుర్తున్న వాక్యం ఇదే. అప్పటి క్లాసులో ఇంగ్లీషు వాక్యాన్ని జపనీస్‌లోకి మార్చి రాయడమే చదువు, నోరు తెరిచి మాట్లాడే పనే లేదు. ఇప్పటి పిల్లలకి 2020 నుంచి ఐదో తరగతిలోనే ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, మూడో తరగతి నుంచే ఆటపాటలతో మొదలవుతుంది. ఈవిడ మాత్రం ఎన్‌హెచ్‌కే అనే జపాన్ ప్రసార సంస్థ రేడియో పాఠాల పుస్తకం నెలనెలా కొనుక్కుని, వంటింట్లో రేడియో పెట్టుకుని, కూరలు తరుగుతూ పైకి అంటూ నేర్చుకుంటున్నారు.

ఈ వయసులో ఎందుకంటే, కూతురు టొరంటోలో ఉంటుంది, మనవడికి ఆరేళ్ళు. వాడికి జపనీస్ రెండు మూడు మాటలకి మించి రాదు. మాకు రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దున ఎనిమిది (చలికాలంలో మాకు పది). వాడు బూట్లేసుకుని స్కూలుకి బయల్దేరే వేళకి ఈవిడ వీడియో కాల్‌లో ఉంటారు. అమెరికాలో మనవళ్ళున్న మన అమ్మమ్మలు, నానమ్మలు చాలామందికి ఈ కాల్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆవిడ రోజుకి మూడు వాక్యాలు ఇంగ్లీషులో డైరీ రాస్తారు. పెన్సిల్‌తో రాసి, తప్పు పోతే చెరిపి, ఆ రబ్బరు పొడిని అరచేతిలోకి ఊడ్చి పక్కన పెడతారు. మొదటి శనివారం నేను ఎర్ర పెన్ను తీసుకుని, బాగున్న వాక్యాలన్నిటికీ వరసగా టిక్కులు పెట్టాను. పుస్తకం తిరిగి ఇస్తే ఆవిడ ముఖం చిన్నబోయింది. “ఇన్ని తప్పులా?” అన్నారు మెల్లిగా. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు: ఇక్కడ టీచర్లు రైటుకి గుండ్రంగా సున్నా చుడతారు, దాన్ని ‘మరు’ అంటారు. టిక్కు పెడితే తప్పు అని. చాలా బాగుంటే ఆ సున్నా చుట్టూ పువ్వు రేకులు గీస్తారట, దాని పేరు ‘హనమరు’. ఆ రోజు నా టిక్కులన్నీ వైట్‌నర్‌తో చెరిపి, ఒక్కొక్క సున్నా చుట్టి ఇచ్చాకే ఇంటికొచ్చాను.

అసలు విషయానికొస్తాను. పోయిన నెల డైరీలో ఇలా ఉంది: ‘మై గ్రాండ్‌సన్ గో టు స్కూల్. హీ సే బై. ఐ సే గో అండ్ కమ్.’ మొదటి రెండిట్లో క్రియలు దిద్దేశాను. మూడోదాని మీద పెన్ను ఆగిపోయింది. ఆవిడ అడిగారు: “ఇత్తెరష్షాయ్ అనాలి. ఇంగ్లీషులో ఏమంటారు?”

ఇక్కడ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా గుమ్మం దగ్గర ‘ఇత్తెకిమాస్’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి. ‘కిమాస్’ అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఇత్తెరష్షాయ్’ అంటారు. అంటే వెళ్ళి రండి. ముక్కకి ముక్క సరిపోతుంది. మనం ‘వెళ్ళి’ అని ఆగి తర్వాతి క్రియ కోసం చూస్తామే, వాళ్ళ ‘ఇత్తె’ కూడా అలాగే ఆగి చూస్తుంది. మన వ్యాకరణంలో క్త్వార్థకం అని చదువుకున్నదానికి దాదాపు జంట.

నా చిన్నప్పుడు మా మావయ్య ఒకసారి తొందరలో “వెళ్తున్నానమ్మా” అనేసి గేటు దాకా వెళ్ళిపోయాడు. అమ్మమ్మ వెనక్కి పిలిచింది. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, “ఇప్పుడు సరిగ్గా చెప్పు” అంది. “వెళ్ళొస్తానమ్మా.” “మంచిది, వెళ్ళి రా నాన్నా.” బస్సు తప్పిపోయిందో లేదో గుర్తులేదు గానీ, ఆ గ్లాసు, ఆ గుమ్మం బాగా గుర్తున్నాయి.

పక్కింటావిడకి ఇది చెబితే చెంచా కింద పెట్టేసి విన్నారు. వాళ్ళ భాషలో ‘వెళ్ళు’ అనే క్రియ ‘ఇకు’. అదే పలుకుబడిని వేరే లిపి గుర్తుతో రాస్తే ‘చనిపోవు’ అని అర్థం. మన ‘పోయాడు’ లాంటిదే. ఆ ధ్యాసలో ఇంకో సంగతి చెప్పాను. మా ఇళ్ళలో బియ్యం అయిపోతే ‘లేవు’ అనం, ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోయిందనం, ‘కొండెక్కింది’ అంటాం. ఆవిడ వెంటనే తమ మాటలు తీశారు. పెళ్ళివిందు ముగిసేటప్పుడు ‘ముగిసింది’ అనరట, ‘ఒహిరకి’ అంటారట, అంటే ‘తెరుచుకోవడం’. ఎండబెట్టిన స్క్విడ్‌ని (తినే ఒక సముద్ర జీవి) ‘సురుమె’ అంటారు, అందులోని ‘సురు’కి డబ్బు పోగొట్టుకోవడం అనే అర్థం ఉందని, మార్చి ‘అతరిమె’ అంటారు, ‘అతరి’ అంటే గెలుపు తగలడం. ఆ మధ్యాహ్నం ఇంగ్లీషు క్లాసు జరగనే లేదు.

ఒక తేడా కూడా ఉంది. మనం చిన్నవాళ్ళని ‘వెళ్ళి రా’, పెద్దవాళ్ళని ‘వెళ్ళి రండి’ అంటాం. ‘ఇత్తెరష్షాయ్’లో ఉన్నది గౌరవ క్రియే. దుకాణంలో అడుగుపెట్టగానే ‘ఇరష్షాయ్‌మసె’ అని కేకేస్తారు చూడండి, ఆ మాటే. కానీ బడి సంచి వీపున వేసుకున్న ఆరేళ్ళ పిల్లకి కూడా తల్లి ఇదే అంటుంది. బయల్దేరే మనిషికి, ఎంత చిన్నవాళ్ళైనా, ఆ క్షణానికి ‘రండి’ దక్కుతుంది. నాకు ఇది చాలా నచ్చింది.

ఇంకో తేడా మనకి లోటే. తిరిగొచ్చినవాళ్ళు ‘తదాయిమ’ అంటారు, ‘ఇప్పుడే’ అని అర్థం, ఇప్పుడే వచ్చాను అన్నదానికి పొట్టి రూపం. ఇంట్లోవాళ్ళు ‘ఒకయెరి’ అంటారు, తిరిగొచ్చావా అన్నట్టు. మనం వెళ్ళేటప్పుడు చెప్పుకునే జంట ఉంది గానీ వచ్చాక చెప్పుకునేదానికి ఇలా కుదిరిన మాట లేదు. ‘వచ్చావా, కాళ్ళు కడుక్కో’ అంటాం, అంతే.

ఇక ఇంగ్లీషు. ‘గుడ్‌బై’ కూడా ఒకప్పుడు ‘దేవుడు నీతో ఉండుగాక’ అనే దీవెన, అరిగి అరిగి ఇలా మిగిలింది. అది చెప్పాను. ‘టేక్ కేర్’, ‘హావ్ ఎ గుడ్ డే’, ‘సీ యూ లేటర్’ అన్నీ రాసిచ్చాను. ఒక్కొక్కటీ చదివి “మంచి మాటే” అన్నారు. తర్వాత, “ఇందులో తిరిగి రావడం ఎక్కడుంది?” అని అడిగారు.

మీరైతే ఏం రాసిస్తారు?

* * *

వ్యాఖ్య (విశాఖపట్నం నుంచి): ‘ఐ విల్ బి బ్యాక్’ ఉంది కదండీ. సరిపోదా?

జవాబు: కొట్టుకి వెళ్ళి ఇప్పుడే వస్తా అనేటప్పుడు సరిపోతుంది. అది సమాచారం. రోజూ స్కూలుకి వెళ్ళే పిల్లాడు తల్లికి అలా చెప్పడు. పైగా ఇది ఒంటి మాట, ఇంట్లో ఉన్నవాళ్ళు తిరిగి అనడానికి జంట లేదు. ఆవిడకి కావాల్సింది ఆ జంటే, ఎందుకంటే ఆవిడ ఉండేది గుమ్మానికి లోపలి వైపు.

ఇంకోటి. ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని మన దక్షిణాది వాళ్ళం ఎన్నిసార్లు అని ఉంటాం! నేను ఎనిమిదో తరగతిలో ఒక ఉత్తరంలో అలా రాస్తే మా టీచర్ ఎర్ర గీత పెట్టి ‘తెలుగు ఇంగ్లీషు’ అని పక్కన రాశారు. క్లాసులో అందరూ నవ్వారు, నేను ఏడ్చాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే వాక్యం జపాన్‌లో ఒక పెద్దావిడ డైరీలో కనిపించింది, ఎర్ర పెన్ను నా చేతిలో ఉంది. గీత పెట్టడానికి చెయ్యి రాలేదు.

వ్యాఖ్య (వరంగల్ నుంచి): మా దిక్కు ‘పోయొస్త’ అంటం. ‘పో’ అనొద్దని కొందరంటరు గానీ, వెనక ‘వస్త’ ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ‘పోయి రా బిడ్డా’ అని మా నాయనమ్మ అంటుండె.

జవాబు: మీరు చెప్పిందే అసలు సంగతి. బరువంతా ‘వస్త’ మీద ఉంది. తమిళంలో ‘పోయిట్టు వరేన్’, కన్నడంలో ‘హోగి బర్తీని’, రెండూ ఇలాంటివే. ‘బిడ్డా’ అన్న మాటతో కలిపి విన్నప్పుడు ఇంకా బాగుంది.

వ్యాఖ్య (హైదరాబాద్ నుంచి): ఇంత పోలిక ఉందంటే రెండు భాషలూ చుట్టాలేనా? తమిళం, జపనీస్ ఒకటే అని ఎక్కడో చదివాను.

జవాబు: ఒనో సుసుము అనే జపాన్ భాషావేత్త తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని చాలా ఏళ్ళు వాదించారు. భాషావేత్తల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం నిరూపించాలంటే పాత మాటల్లో ధ్వనులు ఒక క్రమంలో సరిపోవాలి, వాక్యం కట్టే తీరు కలిసినంత మాత్రాన సరిపోదు. ప్రపంచంలో క్రియని చివర పెట్టే భాషలు బోలెడున్నాయి. కాబట్టి చుట్టాలని నేను అనను.

కానీ నేర్చుకునేవాళ్ళకి ఈ పోలిక పెద్ద సాయం. ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ఇస్తే ఆవిడ ‘తబెతె మిమాస్’ అన్నారు. ‘తబెతె’ తిని, ‘మిమాస్’ చూస్తాను. తిని చూస్తాను! చూడ్డం అంటే ఇక్కడ కళ్ళతో కాదని మనకెవరూ చెప్పక్కర్లేదు. ‘మొత్తె కిమాస్’ అంటే పట్టుకుని వస్తాను, ‘మొత్తె ఇకిమాస్’ అంటే పట్టుకుని వెళ్తాను. ఇంగ్లీషు అడ్డం తిరిగేది కూడా ఇక్కడే. పట్టుకుని రావడానికి ఒక మాట, పట్టుకెళ్ళడానికి ఒక మాట, రెండింటిలోనూ ‘వచ్చు’, ‘వెళ్ళు’ పైకి కనిపించవు. ‘బ్రింగ్’, ‘టేక్’ దగ్గర ఆవిడ ఇప్పటికీ తడబడతారు. మా అమ్మ కూడా అంతే. మనసులో రెండు క్రియలున్నవాళ్ళకి ఒక్క క్రియలో ఇమడ్చమంటే టైము పడుతుంది. అది తెలివి తక్కువ కాదని ఆవిడకి గట్టిగా చెప్పాను, ఎందుకంటే “నా బుర్ర ముసలిదైపోయింది” అని మాటిమాటికీ అంటుంటారు.

* * *

చివరగా ఈ శనివారం సంగతి. ఇక్కడ మీరు రాసినవన్నీ ఆవిడకి వివరించాను. వరంగల్ నాయనమ్మగారి మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత డైరీ ఇచ్చారు. అందులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతాను: రాత్రి మనవడు బై అన్నాడు. నేను ‘గో అండ్ కమ్ బ్యాక్’ అన్నాను. ‘స్కూలుకే కదా వెళ్తున్నాను’ అన్నాడు. ‘అవును, అయినా తిరిగి రా’ అన్నాను. ‘ఓకే’ అన్నాడు.

మూడు వాక్యాల లెక్క దాటి ఐదు రాశారు. ఒకచోట ‘సెడ్’ స్పెల్లింగ్ తప్పు ఉంటే దిద్దాను. ‘గో అండ్ కమ్ బ్యాక్’ ఇంగ్లీషువాళ్ళు గుమ్మం దగ్గర వాడే మాట కాదని, అర్థం మాత్రం అవుతుందని పక్కన జపనీస్‌లో రాశాను. దాని చుట్టూ ఐదు రేకులతో హనమరు వేశాను.

మీ ఊళ్ళో ‘వెళ్ళొస్తాను’ అన్నవాళ్ళకి ఇంట్లోవాళ్ళు ఏమంటారో, మీ ఇంట్లో అనే తీరులోనే రాయండి. ఆవిడ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఖాళీగా ఉంచారు. వచ్చే శనివారం కటకన లిపిలో (జపనీస్‌లో పరభాషా మాటలు రాసే లిపి) రాసుకుంటారట.